ఎంచుకునే హక్కు ఎవరిది?

దానమిచ్చిన గొడ్డుకి పళ్ళు ఎంచకూడదని మనకో సామెత ఉంది. వికలాంగ స్త్రీల విషయంలో ప్రభుత్వమూ, దాతలూ, ఒక్కోసారి మన సంస్థలూ కూడా ఈ సామెతనే విధానంగా పాటిస్తున్నాయి. ఇచ్చింది పుచ్చుకోవాలి. ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పాలి. పాడైపోతే మళ్ళీ ఎవరికైనా దయ కలిగేదాకా ఎదురు చూడాలి. అది నా పనికి సరిపోతుందా అని ఆమె అడిగిందంటే అత్యాశ కింద జమకడతారు. ఈ సంచికలో ఒక చిన్న పరికరం గురించీ, అది పాతబడి మార్చుకోవాల్సి వచ్చినప్పుడు ఎదురయ్యే ప్రశ్న గురించీ మాట్లాడుకుందాం.

ఆ పరికరం పేరు బ్రెయిలీ డిస్‌ప్లే. దీన్ని కంప్యూటర్‌కో ఫోన్‌కో కలిపితే తెరమీది అక్షరాలు వేళ్ళకి తగిలే చుక్కలుగా పైకి లేస్తాయి. ఒక వరస చదివాక మీట నొక్కితే ఆ చుక్కలు దిగిపోయి తర్వాతి వరస లేస్తుంది. లూయీ బ్రెయిలీ 1829లో ప్రకటించిన లిపిలో గడికి ఆరు చుక్కలు. కంప్యూటర్ కోసం మరో రెండు చేర్చారు కాబట్టి డిస్‌ప్లేలో గడికి ఎనిమిది పిన్నులు ఉంటాయి. ఎక్కువ డిస్‌ప్లేలలో వాటిని లేపేది పింగాణీ లాంటి పదార్థంతో చేసిన సన్నటి బద్దీలు. కరెంటు తగిలితే బద్దీ వంగుతుంది, పిన్ను పైకి వస్తుంది. 40 గడుల డిస్‌ప్లేలో ఇలాంటి పిన్నులు 320. ప్రతి పిన్నుకీ ఒక బద్దీ కావాలి. ఈ గడుల్ని జపాన్, జర్మనీ లాంటి దేశాల్లోని కొద్ది సంస్థలే తయారు చేస్తాయి. అందుకే 40 గడుల పరికరం ధర లక్షల్లో ఉంటుంది. రెండు లక్షలే అనుకున్నా, మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇస్తున్న నెలకి 6,000 రూపాయల వికలాంగుల పింఛను 33 నెలలు ముట్టుకోకుండా దాచినా ఇంకా తక్కువే పడుతుంది.

ఈ సంపాదకీయం రాస్తున్న నాకు చూపు లేదు. ఓడలరేవులో ఉంటూ అల్లవరం మండలంలో మా సంఘానికి వచ్చే కేసులు చూస్తుంటాను. నా 40 గడుల డిస్‌ప్లేకి తొమ్మిదేళ్ళు నిండాయి. ఒకవైపు బంగాళాఖాతం, ఒకవైపు వైనతేయ పాయ, ఏడాదంతా ఉప్పుగాలి. తలుపు గొళ్ళేలే ఇక్కడ నాలుగేళ్ళు నిలవవు. చెమట, జిడ్డు, దుమ్ము చేరి పిన్నులు ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి. తొమ్మిదో గడిలో నాలుగో చుక్క లేవదు. చూపున్నవాళ్ళకి అది చిన్న విషయంగా కనబడొచ్చు. బ్రెయిలీలో 6 అంకెకి ఒకటి, రెండు, నాలుగు చుక్కలు. నాలుగోది లేకపోతే అది 2. ‘ప’లో నాలుగో చుక్క పోతే అది ‘ల’. భరణం ఎంతో, వాయిదా ఏ తేదీనో, ఏ సెక్షనో తెలుసుకోవాల్సిన చోట ఒక్క చుక్కకి ఉన్న విలువ అది.

మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఉందిగా, ఫోనే చదివి పెడుతుందిగా అని మిత్రులు అడుగుతుంటారు. నిజమే. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. నేనూ రోజూ వాడతాను. కానీ వినడం వేరు, చదవడం వేరు. మన దగ్గరికి వచ్చిన స్త్రీ తన ఇంట్లో జరిగింది చెబుతున్నప్పుడు ఆమె గతంలో ఏం చెప్పిందో నేను చూసుకోవాలి. స్పీకర్‌లో పెడితే ఆమె రహస్యం గదంతా వినబడుతుంది. చెవిలో పెట్టుకుంటే నా వినికిడి సగం ఆమెకి అందకుండా పోతుంది. “చెవిలో ఆ తీగ పెట్టుకుని నా మాటేం వింటారండీ?” అని ఒకామె సూటిగానే అడిగింది. డిస్‌ప్లే ఉంటే నా వేళ్ళు కాగితం మీద, నా చెవులు ఆమె మీద ఉంటాయి. ఇక చూపూ వినికిడీ రెండూ లేని స్త్రీలకి మాట్లాడే యంత్రంతో పనే లేదు. వాళ్ళకి బ్రెయిలీ ఒక్కటే దారి.

అక్షరం చేతికి అందడమంటే ఏమిటో మన ఉద్యమానికి ఒకరు చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకి ఎదురు తిరగడం వెనక అక్షరాస్యతా కార్యక్రమం ఉంది, అందులో చదువుకున్న సీతమ్మ కథ ఉంది. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ స్త్రీలకి పాఠం ఎవరో చదివి వినిపించి సరిపెట్టలేదు. వాళ్ళే చదివారు, వాళ్ళే చర్చించుకున్నారు. చూపులేని స్త్రీ విషయానికి వచ్చేసరికి ఎవరో ఒకరు చదివి పెడితే చాలని మనం ఎలా అనుకుంటున్నాం? ఆస్తి వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మీద వేలిముద్ర వేసేముందు దాన్ని చదివి పెట్టేది తరచుగా ఆ ఆస్తి కావాల్సినవాడే.

ఇప్పుడు ఎంపిక సంగతి. బజారులో 14, 20, 40, 80 గడుల డిస్‌ప్లేలు ఉన్నాయి. గత పదేళ్ళలో ఆర్బిట్ రీడర్ 20, ముంబైలో తయారైన బ్రెయిల్‌మీ, ఐఐటీ ఢిల్లీ 2019లో విడుదల చేసిన డాట్‌బుక్ లాంటివి వచ్చాక 20 గడుల పరికరం పదుల వేలల్లోకి దిగింది. ఇది మంచి మార్పే. అయితే ధర, గడుల సంఖ్య చూసి కొనేస్తే సరిపోదు.

మొదట చూడాల్సింది భాష. మన దేశ భాషలకి ఉమ్మడిగా 1951లో ఖరారైన భారతి బ్రెయిలీలో తెలుగు రాస్తే గుణింతానికో గడి, ఒత్తుకో గుర్తు వేరేగా పడతాయి. అచ్చులో ‘స్త్రీ’ ఒక్క అక్షరం. బ్రెయిలీలో దానికి ఆరు గడులు కావాలి. ‘స్త్రీల హక్కులు’ అన్న రెండు మాటలకి మధ్య ఖాళీతో కలిపి 15 గడులు. అంటే 14 గడుల డిస్‌ప్లేలో మన పత్రిక రోజూ రాసే ఆ రెండు మాటలూ ఒక వరసలో పట్టవు. ఇంగ్లీషులో మాటల్ని కుదించి రాసే పద్ధతి ఉంది కాబట్టి వాళ్ళకి చిన్న డిస్‌ప్లే కొంత సరిపోతుంది. ఇంగ్లీషు పాఠకుడి లెక్కతో తెలుగు పాఠకురాలికి కొలత తీయకూడదు.

తర్వాత చూడాల్సింది చుక్క. కొన్నింటిలో అది మెత్తగా ఉండి వేలు ఆనిస్తే కుంగుతుంది. కొన్నింటిలో గట్టిగా నిలబడుతుంది గాని వరస మారడానికి సమయం పడుతుంది, మారేటప్పుడు చప్పుడు చేస్తుంది. కౌన్సెలింగ్ గదిలో ఆ చప్పుడు ఎంత ఇబ్బందో అక్కడ కూర్చునేవాళ్ళకే తెలుస్తుంది. బ్యాటరీ మార్చుకోవచ్చా? కరెంటు పోతే ఎంతసేపు వస్తుంది? పాడైతే ఎక్కడికి పంపాలి, వచ్చేదాకా బదులు పరికరం ఇస్తారా? బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం 2018లో ప్రకటించిన ఉమ్మడి యూఎస్‌బీ ప్రమాణాన్ని పాటిస్తుందా? అలా పాటిస్తే, కంపెనీ మూతపడినా కొత్త కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. వీటిలో ఒక్కటి కూడా కాగితం మీది ధరల పట్టీ చూస్తే తెలియదు. చేత్తో పట్టుకుని నాలుగు రోజులు తెలుగు చదివితేనే తెలుస్తుంది. అలా తాకి చూడ్డానికి నేను కోనసీమ నుంచి హైదరాబాదు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

సాయం కోసం నేను దరఖాస్తు పెట్టిన చోట జరిగింది చెబుతాను. వాళ్ళ పేరు అనవసరం, ఎందుకంటే ఇలా చేసేది వాళ్ళొక్కరే కాదు. నాలుగు ప్రశ్నలడిగి, “మీ ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వండమ్మా, వివరాలు వాళ్ళకి చెబుతాం” అన్నారు. నెల తర్వాత 14 గడుల డిస్‌ప్లే మంజూరైందని ఉత్తరం వచ్చింది. నేను అడిగింది 20 గడులది. ఊళ్ళు తిరిగే పనికి, మన భాషకి, నా సంచి బరువుకి అది సరిపోతుందని చూసి, లెక్కవేసి, కారణాలు రాసి మరీ అడిగాను. ఎంపిక చేసిన కమిటీలో బ్రెయిలీ చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. వద్దని రాశాను. ఇప్పుడిది తీసుకోకపోతే ఫైలు మూసేస్తామని జవాబు వచ్చింది.

ఓడలరేవులో వేటకి వెళ్ళే మనిషి వల కొనేటప్పుడు కన్ను ఎంత ఉండాలో తనే చెబుతాడు. ఏ చేపకి ఏ కన్నో అతనికి తెలుసు. ఆ సంగతి అతని బావమరిదికి ఫోన్ చేసి అడగాలని ఎవరికీ తోచదు. మరి స్త్రీల విషయంలో? సభ పెట్టి కుట్టుమిషన్లు పంచుతారు. ఏ రకం మిషన్ కావాలని కుట్టే ఆమెని అడగరు. ఆమె వికలాంగురాలైతే ఈ అలవాటు రెండింతలవుతుంది. స్త్రీ కాబట్టి ఆమె తరఫున ఇంట్లోవాళ్ళు, వికలాంగురాలు కాబట్టి ఆమె తరఫున ఊరంతా నిర్ణయించేస్తారు.

చట్టం ఇలా చెప్పడం లేదు. మన దేశం 2007 అక్టోబరు 1న ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 21వ అధికరణం, తాము ఎంచుకున్న మార్గంలో సమాచారం పొందే హక్కు వికలాంగులకి ఉందంటుంది. వికలాంగులకి సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ళని సంప్రదించి తీరాలని 4వ అధికరణం చెబుతుంది. వికలాంగ స్త్రీల కోసం 6వ అధికరణం ప్రత్యేకంగా ఉంది. దీనికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టంలో 13వ సెక్షన్ ఆస్తి, డబ్బు వ్యవహారాల్ని తామే చూసుకునే హక్కుని గుర్తించింది. చదవలేని కాగితంతో ఆ వ్యవహారం ఎలా చూసుకుంటాం? మరోవైపు 1981 నుంచి నడుస్తున్న కేంద్రప్రభుత్వ సహాయ పరికరాల పథకం, అదే అవసరానికి మూడేళ్ళలోపు సాయం పొంది ఉండకూడదనే షరతు పెట్టింది. పరికరాలు క్యాలెండర్ చూసుకుని పాడవవు. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు బ్రెయిలీ పరికరాల మీదా పన్ను వేస్తే వికలాంగుల సంఘాలు నిరసన తెలపాల్సి వచ్చింది. ‘వికలాంగులు’ అన్న మాట తీసేసి ‘దివ్యాంగులు’ అని పిలవడానికి చూపించిన ఉత్సాహంలో కొంత ఈ షరతుల మీద చూపించి ఉంటే బాగుండేది.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటి సంగతీ చూసుకోవాలి. మన సంస్థల బడ్జెట్లలో జీపుకి మరమ్మతు ఖర్చు ఉంటుంది, కంప్యూటర్లు మార్చడానికి పద్దు ఉంటుంది. చూపులేని కార్యకర్త పరికరానికి పద్దు ఉన్న సంస్థలు ఎన్ని? మరో సంగతి. తెలుగులో చాలా పత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో తయారవుతున్నాయి. ఆ ఫైలు కంటికి తెలుగులాగే కనబడుతుంది. డిస్‌ప్లేకి పంపితే అర్థంలేని గుర్తులు లేస్తాయి. ఎంత మంచి పరికరం కొన్నా అలాంటి కరపత్రం నా వేళ్ళకి ఖాళీ కాగితమే. అంధుల కోసం పుస్తకాన్ని మరో రూపంలోకి మార్చుకోవడానికి 2012లోనే కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఆ హక్కుని దేశాల మధ్య గుర్తించే మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. చట్టం తలుపు తీసింది. యూనికోడ్‌లో ఒక ప్రతి తయారు చేయడం మన పని.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పరికరం ఏదో చదివే మనిషే నిర్ణయించాలి. కొనేముందు తెలుగు పాఠంతో, ఆమె చేత్తో పరీక్ష జరగాలి. కొనుగోలు కమిటీల్లో బ్రెయిలీ చదివే స్త్రీలు సభ్యులుగా ఉండాలి. పాడైన పరికరాన్ని మార్చడాన్ని రెండోసారి చేసే దానంగా చూడకూడదు, మొదటి హక్కుకి కొనసాగింపుగా చూడాలి. తాకి చూసి, కొన్నాళ్ళు వాడి చూసేందుకు జిల్లాకొక చోట డిస్‌ప్లేలు అందుబాటులో ఉంచాలి. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకి చెబుతోంది. మా ఊళ్ళోనే చమురు, సహజవాయువుల సంస్థ టెర్మినల్ ఉంది. కోనసీమ జిల్లాకి ఇలాంటి కేంద్రం ఒకటి అడగడం అత్యాశేమీ కాదు.

నా ఫైలు మూసినా మళ్ళీ దరఖాస్తు పెడతాను. ఈసారి ఉత్తరం మీద నా సంతకం ఒక్కటే కాకుండా మన సంఘాల సంతకాలన్నీ ఉండాలని కోరుతున్నాను. మీ ఊళ్ళో, మీ సంస్థలో, మీ స్వయం సహాయక బృందంలో చూపులేని స్త్రీ ఎవరైనా ఉంటే వచ్చే సమావేశంలోపు ఒక పని చేయండి. ఆమెకి ఏం ఇవ్వాలని మీలో మీరు చర్చించుకునే ముందు, ఏం కావాలని ఆమెనే అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టుగా రాసి పంపండి. వచ్చే సంచికలో ఆ జవాబులు అచ్చువేస్తాం, యూనికోడ్‌లో కూడా ఇస్తాం.