ఏ ఊరమ్మా?

స్టూవర్టుపురం

మనవలకూ మనవరాళ్ళకూ,

మొన్న సెలవులకొచ్చిన పిల్ల మా అరుగు మీద కూర్చుని, గుంటూరులో అద్దెగది వెతుక్కున్న సంగతి చెప్పింది. ఇంటావిడ "ఏ ఊరమ్మా?" అని అడిగిందట. "బాపట్ల దగ్గర అన్నాను తాతా" అంటూ తల దించుకుంది. ఆ పిల్లని ఏమనగలను? వయసులో నేనూ "చీరాల పక్కన" అని దాటేసినవాణ్ణే. బాపట్లకీ చీరాలకీ నడుమ మన స్టూవర్టుపురానికో రైల్వేస్టేషనుంది. మన మాటల్లో మాత్రం బండి అక్కడ ఆగదు.

ఊరి పేరు దాచుకునేది చులకనకు భయపడే. ఎదుటివాణ్ణి తగ్గించడానికి తెలుగులో మాటలకు కొదవలేదు. అలుసు, లోకువ, ఈసడింపు, ఏవగింపు. తృణీకరించడమంటే మనిషిని గడ్డిపోచ కింద జమకట్టడం. చులకన అంటే బరువు లేదనుకోవడం. మన ముసలివాళ్ళు బుట్టలూ చేటలూ అల్లి బతికారు కదా, ఈ మాట వాళ్ళకే బాగా తెలియాలి. చేటలో తేలికైనదేదో చెరిగి చూస్తేనే తెలుస్తుంది. మనల్ని మాత్రం ఎవరూ చెరగలేదు. చూడకుండానే పొల్లని కాగితం మీద రాసేశారు.

ఆ కాగితం పేరు నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిన పుట్టి 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. అంతకుముందు మన ఎరుకలవాళ్ళు కోస్తా ఉప్పును పశువుల మీద లోపలి ఊళ్ళకు మోసుకెళ్ళి అమ్ముకునేవారు. రైళ్ళొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, బేరం పడిపోయింది. దారి పోయినవాళ్ళకు దొంగలని పేరు పెట్టారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో మన ఊరు సెటిల్‌మెంటుగా వెలిసింది. దానికి హెరాల్డ్ స్టూవర్టు అనే దొరగారి పేరు. అప్పట్లో చీటీ లేనిదే పొలిమేర దాటకూడదు, హాజరు వేయించుకోవాలి. దొంగతనాలు చేసినవాళ్ళు మనలో లేరని నేననను. ఉన్నారు. కానీ పాలు తాగే బిడ్డ కూడా ఆ తెగ లెక్కలోకే వచ్చింది.

1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. 1991లో మన ఊరి పేరుతో రెండు సినిమాలొచ్చాయి, జనం టిక్కెట్టు కొని మరీ మనల్ని దొంగలుగా చూశారు. కానీ అంతకుముందే, 1970లలో మన గుడిసెల్లోకి వచ్చి, మనవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడిన హేమలతా లవణం గారి సంగతి ఎంతమందికి తెలుసు? ఆవిడ, కులం పేరుతో అవమానాలు పడ్డ కవి జాషువా గారి కూతురు. చులకన చేస్తే ఎంత నొప్పో పుట్టింట్లోనే తెలుసుకుని వచ్చిన మనిషి.

ఇక నా తప్పొకటి చెప్పాలి. ఒకసారి రేపల్లె బస్సులో జేబు తడుముకుంటే పర్సు లేదు. పక్కన చిరుగుచొక్కా కుర్రాడున్నాడు. నా కళ్ళు తిన్నగా వాడి చేతుల మీదికి పోయాయి. వాడు చూశాడు. మారు మాటాడకుండా రెండు చేతులూ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పర్సు నా సంచిలోనే ఉంది. జీవితమంతా ఏ చూపు పడలేక తలదించుకున్నానో, అదే చూపు నా కళ్ళలోనూ ఉంది. వాడికి క్షమాపణ చెప్పకుండానే దిగిపోయాను. ఆ చేతులు ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి.

అందుకే మీకు చెప్పేది. చిన్నచూపు మనమీద పడిందని మనకది అంటదనుకోకండి. మీకంటే కిందున్నాడనిపించినవాడి ముందు మీ కళ్ళు ఎటు పోతున్నాయో గమనించుకోండి.

ఇంకొక్క మాట. నిరసన అంటే పాత నిఘంటువుల్లో తిరస్కారం, ఈసడింపు. పైవాడు కిందివాడి మీద చూపేది. ఈనాడు అదే మాట పట్టుకుని కిందివాళ్ళు రోడ్డెక్కుతున్నారు. వాడేవాళ్ళు మారితే మాట తిరగబడుతుంది. ఊరి పేరూ అంతే, కానీ దాన్ని మనం నోటితో అనాలి.

గది దొరక్కపోతే మా ఇంటికి రా తల్లీ, ఇంకో ఇల్లు చూద్దాం. ఈసారి అడిగితే మాత్రం ఊరి పేరు పూర్తిగా చెప్పు.

ఇట్లు,
మీ తాత