గడువు కొలువుకే, హక్కులకు కాదు

ఈ హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్లినవాళ్లం వార్షికోత్సవానికి కలిసినప్పుడు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న "ఇప్పుడేం చేస్తున్నావు?" అనేదే. ఒకప్పుడు దీనికి టీచరనో, కానిస్టేబులనో, ఆర్టీసీలో కండక్టరనో జవాబు వచ్చేది. ఇప్పుడు ఎక్కువమంది నోట వస్తున్న మాట "కాంట్రాక్టులోనే అన్నా". ఆ 'లోనే' దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. మందుల కంపెనీలో కెమిస్టుగా చేరిన తమ్ముడిదీ, కాలేజీలో పాఠాలు చెప్పే అక్కదీ, సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న మిత్రుడిదీ ఇదే గొంతు.

కాంట్రాక్టు అంటే యజమాని దయ, ఇచ్చినంత పుచ్చుకోవాలి, నోరెత్తితే వచ్చే ఏడు రెన్యువల్ ఉండదు అనే అభిప్రాయం మనవాళ్లలో బాగా నాటుకుపోయింది. ఇది తప్పని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. గడువు పెట్టి ఉద్యోగమిచ్చినంత మాత్రాన యజమాని బాధ్యతలు సగమైపోవు. చట్టం ఆ సంగతి తేటగానే చెప్పింది. చెప్పకుండా వదిలేసిన చోట్లు కూడా ఉన్నాయి, వాటిని కూడా దాచకుండా రాస్తాం.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. మనం 'కాంట్రాక్టు' అని ఒకే మాటతో పిలిచే ఉద్యోగాలు నిజానికి రెండు రకాలు. కంపెనీయే నేరుగా మనతో ఒప్పందం రాసుకుని ఏడాదికో రెండేళ్లకో తీసుకుంటే అది నిర్ణీత కాల ఉద్యోగం. అలా కాకుండా మధ్యలో ఒక ఏజెన్సీ ఉండి, దాని మనిషిగా మనల్ని కంపెనీకి పంపిస్తే అది కాంట్రాక్టు లేబరు, అంటే మనం ఔట్‌సోర్సింగ్ అంటున్నది. రెండింటికీ చట్టం వేరు, హక్కులు వేరు. మనది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. ఉత్తర్వు మీద ఎవరి పేరుంది, బ్యాంకులో జీతం ఎవరి ఖాతా నుంచి పడుతోంది అన్నది చూస్తే చాలు. చాలామంది ఏళ్ల తరబడి పనిచేస్తూ కూడా ఈ రెండూ చూసుకోరు.

నిర్ణీత కాల ఉద్యోగాన్ని కేంద్రం 2003లో నిబంధనల్లోకి తెచ్చింది, కార్మిక సంఘాల వ్యతిరేకత మధ్య 2007లో తీసేశారు. 2016లో దుస్తుల తయారీ రంగానికి మళ్లీ అనుమతించి, 2018లో అన్ని రంగాలకూ విస్తరించారు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని చట్టంలోకే ఎక్కించింది. ఆ కోడ్‌తో పాటు మిగిలిన మూడు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు చాలా అభ్యంతరాలున్నాయి, అందులో కొన్ని మావి కూడా. అయినా చేతిలో ఉన్న ఆయుధాన్ని వాడుకోకుండా పక్కన పెట్టడం తెలివైన పని కాదు.

కోడ్ ఏమంటోంది? ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. పనిగంటలు, జీతం, అలవెన్సులు, ఇతర సౌకర్యాలు అదే పనిగానీ అలాంటి పనిగానీ చేసే పర్మనెంటు ఉద్యోగికి ఇచ్చేవాటికి తగ్గకూడదు. పక్క బల్ల మీద కూర్చుని అదే యంత్రం నడిపే పర్మనెంటు మనిషికి క్యాంటీను, బస్సు, అలవెన్సు ఉంటే మనకూ ఉండాలి. చట్టపరమైన ప్రయోజనాలు కూడా పనిచేసిన కాలాన్ని బట్టి ఆ నిష్పత్తిలో ఇవ్వాల్సిందే. పదిమందికి తగ్గకుండా పనిచేసే సంస్థల్లో ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం ఇంకో కోడ్ కింద తప్పనిసరి. "పేపర్లు హెచ్ఆర్ దగ్గర ఉన్నాయిలే" అంటే కుదరదన్నమాట.

వీటన్నిటిలో మనవాళ్లకు బొత్తిగా తెలియనిది గ్రాట్యుటీ. 1972 నాటి చట్టం కింద ఐదేళ్లు నిండితేగానీ గ్రాట్యుటీ రాదు. అందుకే రెండేళ్ల ఒప్పందం మీద చేరినవాడు దాని ఊసే ఎత్తేవాడు కాదు. ఇప్పుడు నిర్ణీత కాల ఉద్యోగికి ఒక్క ఏడాది చేస్తే చాలు. ఏడాదికి పదిహేను రోజుల వేతనం, నెలకు ఇరవై ఆరు పనిదినాల లెక్కన కడతారు. నెలకు 26,000 ఇచ్చే ఉద్యోగం అనుకుందాం. చాలా కంపెనీలు బేసిక్‌ను ఏ ఎనిమిది వేలో చూపించి మిగతాదంతా అలవెన్సుల కింద రాస్తాయి. కొత్త నిర్వచనం ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. అంటే కనీసం 13,000 వేతనం కింద వస్తుంది. దాన్ని ఇరవై ఆరుతో భాగించి పదిహేనుతో హెచ్చవేస్తే ఏడాదికి 7,500 రూపాయలు. ఇంట్లో చెల్లెలికి ఒక సెమిస్టరు ఖర్చు. దాన్ని వదిలేసి వస్తున్నాం.

ఇక్కడే పదకొండు నెలల మాయ మొదలవుతుంది. ఏడాది నిండితే గ్రాట్యుటీ కాబట్టి పదకొండు నెలలకే ఒప్పందం రాయించి, ఒకటి రెండు రోజులు బ్రేక్ ఇచ్చి, మళ్లీ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటారు. పని అదే, కుర్చీ అదే, మారేది కాగితం మీద తేదీ మాత్రమే. ఇలాంటి కృత్రిమ విరామాలను న్యాయస్థానాలు చాలాసార్లు తప్పుపట్టాయి. కానీ విరామం కృత్రిమమైందని రుజువు చేయాలంటే పాత ఒప్పందాలన్నీ మన దగ్గర ఉండాలి కదా! ప్రతి ఒప్పందానికీ ఒక జిరాక్సు కాపీ తీసి ఇంటి దగ్గర పెట్టుకోమని పదేపదే చెప్పేది ఇందుకే.

పీఎఫ్, ఈఎస్‌ఐ సంగతి చాలామందికి తెలిసిందే గనుక క్లుప్తంగా చెబుతాం. పీఎఫ్‌కు మన వాటా పన్నెండు శాతం, యజమాని వాటా పన్నెండు శాతం. ఈఎస్‌ఐకి మనది 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. యజమాని తన వాటాను కూడా మన జీతంలోంచి కోస్తే అది చట్టవిరుద్ధం. కోసిన సొమ్ము నిజంగా జమ అవుతోందో లేదో పీఎఫ్ పాస్‌బుక్ సెల్‌ఫోన్లోనే చూసుకోవచ్చు. ఉద్యోగంలోంచి తీసేసినా, మనమే రాజీనామా చేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి.

చెల్లెళ్ల కోసం ప్రత్యేకంగా ఒక తీర్పు గురించి చెప్పాలి. ఢిల్లీలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఒప్పందం మీద పనిచేసే వైద్యురాలు 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగింది. ఆమె ఒప్పందం అదే నెల 11న ముగుస్తుంది కాబట్టి పదకొండు రోజులే ఇస్తామన్నారు. కేసు ఆరేళ్లు నడిచింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒప్పందం గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆగవని, పూర్తిగా చెల్లించాలని తేల్చింది. గర్భిణి అని తెలియగానే రెన్యువల్ ఆపేసి చేతులు దులుపుకోవడం మన ఊళ్ల ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ, స్కూళ్లలోనూ మామూలైపోయింది. వాళ్లకు ఈ తీర్పు చూపించాలి.

ఏజెన్సీ ద్వారా వెళ్లినవాళ్ల పరిస్థితి ఇంతకంటే బలహీనం. పర్మనెంటు వారితో సమానంగా ఇవ్వమని వాళ్లు అడగడం చాలా కష్టం, ఎందుకంటే కాగితం మీద వాళ్ల యజమాని వేరు. అయినా ఒక్క పట్టు ఉంది. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు సంస్థే చెల్లించాలి, తర్వాత ఏజెన్సీతో అది తేల్చుకుంటుంది. ఈ సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉంది, కొత్త కోడ్‌లలోనూ కొనసాగింది. "మీ ఏజెన్సీని అడుక్కో" అనే మాటకు ఇదే జవాబు.

ఇక అసలు విషయానికి వస్తాం. ప్రైవేటు యజమానికి ఇన్ని నీతులు చెప్పే ప్రభుత్వం తానే యజమాని అయిన చోట ఏం చేస్తోంది? దూరం వెళ్లనక్కర్లేదు, మన హాస్టల్ వంటగదిలోకి తొంగి చూస్తే చాలు. తెల్లవారుజామున లేచి మనకు ఉప్మా వండే వంటమనిషి, కామాటి, రాత్రంతా గేటు దగ్గర ఉండే వాచ్‌మన్, వీళ్లలో ఎంతమంది పర్మనెంటు? పనిచేసేది హాస్టల్‌కు, జీతం బిల్లు వచ్చేది ఏజెన్సీ పేరు మీద. నెలల తరబడి జీతం రాకపోయినా మన పళ్లెంలో అన్నం తప్పలేదు. సాంఘిక సంక్షేమం అని బోర్డు మీద రాసుకున్న చోట ఇది జరగడం మాకు సిగ్గుగా ఉంది.

"నువ్వే కదా సంతకం పెట్టావు" అనే వాదన సర్కారు ఆఫీసుల్లో ఎక్కువగా వినిపిస్తుంది. పంజాబ్ తాత్కాలిక ఉద్యోగుల కేసులో 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు దీనికి సమాధానమిచ్చింది. తక్కువ జీతానికి ఎవరూ ఇష్టంతో ఒప్పుకోరని, కుటుంబం గడవడానికే ఒప్పుకుంటారని చెబుతూ, అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలన్నది. 2006 నాటి ఉమాదేవి తీర్పును చూపించి క్రమబద్ధీకరణ కుదరదంటూ ప్రభుత్వాలు దశాబ్దాలుగా తలుపులు మూస్తూ వచ్చాయి. 2024 డిసెంబరులో కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోటపని చేసిన కార్మికుల కేసులో ఆ తీర్పును అలా ఆయుధంగా వాడకూడదని సుప్రీంకోర్టు మందలించి, వాళ్లను క్రమబద్ధీకరించమంది. తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో ఐదువేల మందికి పైగా కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులర్ అయ్యారు, వారిలో కాలేజీ అధ్యాపకులే ఎక్కువ. అది మంచి పనే. అయితే వాళ్లలో చాలామంది నల్లటి జుట్టుతో చేరి తెల్లటి జుట్టుతో ఆ ఉత్తర్వు అందుకున్నారు.

చట్టంలోని లోటు కూడా ఇక్కడే ఉంది. గడువు ముగిసి ఒప్పందం ఆగిపోతే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు, ఆ పరిహారం ఉండదు. పైగా ఒకే మనిషిని ఎన్నిసార్లు రెన్యువల్ చేయవచ్చన్నదానికి హద్దు లేదు. బ్రిటన్‌లో 2002 నాటి నిబంధనల ప్రకారం వరుస ఒప్పందాల మీద నాలుగేళ్లు దాటితే, యజమాని తగిన కారణం చూపలేకపోతే, ఆ ఉద్యోగి పర్మనెంటు అవుతాడు. అలాంటి హద్దు మన దగ్గరా పెట్టాలని కార్మిక సంఘాలు, మన పూర్వ విద్యార్థుల సంఘాలు గట్టిగా అడగాలి. హద్దు లేనంతకాలం పదేళ్లు చేసినవాడు కూడా ప్రతి మార్చిలో కొత్త అభ్యర్థిలా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

అడిగితే తీసేస్తారన్న భయం ఉత్తదని మేము అనం. ఇంటి అద్దె, అమ్మ మందులు నెత్తిన ఉన్నవాడికి ఆ భయం నిజం. అందుకే ఉద్యోగంలో ఉన్నప్పుడు కాగితాలు జాగ్రత్త చేసుకోండి, నలుగురు కలిసి అడగండి. వేతన బకాయిల మీద ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంది కాబట్టి, బయటికి వచ్చాక అయినా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లవచ్చు. లాయరు ఫీజు గురించి వెనకాడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ, మహిళలకూ, పారిశ్రామిక కార్మికులకూ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ దీనికి ఆదాయ పరిమితి లేదు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కుల ధ్రువీకరణ పత్రం, నియామక పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రతి వెంట తీసుకెళ్లండి.