గాయపడిన తల్లియు, బిడ్డల పెంపకమును

ప్రతి సంవత్సరము జూను మాసమున పాఠశాల తెఱచిన దినమున ద్వారము చెంత నిలిచి తల్లులను చూచుట నాకు అలవాటు. ఒక తల్లి గంట మ్రోగినను బిడ్డ చేయి విడువదు. మఱియొక తల్లి బిడ్డను లోనికి పంపి, వెనుకకు తిరిగియైనను చూడక వెడలిపోవును. మొదటి యామెకు గారాబము మితిమీఱినదనియు, రెండవ యామె కఠినురాలనియు ఉపాధ్యాయులమైన మేము మాలో మేము అనుకొందుము. నేనును పెక్కేండ్లు అట్లే అనుకొంటిని. శిక్షణ కళాశాలలో మాకు శిశు మనస్తత్వమును బోధించిరి గాని, ఆ శిశువును ఎత్తుకొన్న చేతులకు పూర్వము ఏమి సంభవించినదో విచారింపుమని ఎవ్వరును చెప్పలేదు. చెప్పిరేమో, పరీక్షకు రాదని నేనే వినకపోతినేమో!

పాఠశాల పత్రికలో ఇట్టి విషయము తగునా యని కొందఱు సందేహింపవచ్చును. మన విద్యార్థుల తల్లులలో పలువురు ఏదో యొక గాయముతోనే బిడ్డలను పెంచుచున్నారు. త్రాగుబోతు తండ్రి యింట పెరిగినవారు కలరు. చిన్నతనముననే పెండ్లియై అత్తవారింట దెబ్బలు తినినవారు కలరు. ఒక బిడ్డను పోగొట్టుకొని మఱల కన్నవారు కలరు. గాయము మానిన పిదప మంచి తల్లిని కాగలనని యెదురుచూచుటకు వారికి తీఱిక యేది? బిడ్డ యెదుగుట ఆగదు. కావున మానుటయు పెంచుటయు ఒకే యింట, ఒకే దినమున జరుగవలసియున్నవి. అది సాధ్యమే యని నా యభిప్రాయము. అయితే గాయమును మాటలేకుండ దాచియుంచినచో అది బిడ్డకు సంక్రమించును. ఇందుకు నా తల్లి చరిత్రమే నాకు ఆధారము. ఆమె యనుమతితోనే వ్రాయుచున్నాను. "ఎవరికైన ఉపయోగపడునేమో, వ్రాయుము" అని ఆమెయే చెప్పినది.

మా అమ్మ కాపురము దివిసీమలో, నాగాయలంక ప్రాంతమున. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన తుపాను తీరము దాటినపుడు సముద్రము సుమారు ఐదు మీటర్ల యెత్తున లేచి ఆ సీమలోని గ్రామములపై పడినది. ఆ తుపానులో మరణించినవారు పదివేలకు తక్కువ కారు. మా నాన్న ఆ దినమున పనిమీద బెజవాడ వెళ్ళియుండెను. అమ్మకు అప్పుడు ఇరువది యేండ్లు; చంకలో ఏడాదిన్నర కుమారుడు. తెల్లవారిన పిదప ఒక తుమ్మచెట్టు కొమ్మల నడుమ ఆమెను కనుగొనిరి. ఒంటినిండ ముండ్ల గాట్లు. చేతులు మాత్రము ఖాళీగా నుండెను.

ఆ పిమ్మట మా తలిదండ్రులు సముద్రమునకు దూరముగా వచ్చి స్థిరపడిరి. 1980లో నేను పుట్టితిని. తరువాత నా తమ్ముడు. అమ్మ మాకు ఏ లోటును చేయలేదు. తలకు నూనె రాచి బిగువుగా జడ వేయును. క్యారియరులో పెరుగన్నము, ఆవకాయ ముక్క ఏనాడును తప్పలేదు. కాని మమ్ములను ఎత్తుకొనెడిది కాదు. మమ్ములను చంకనెత్తుకొని తిరిగినది మా మేనత్త. ఆకాశము మూసికొని గాలి లేచినచో అమ్మ తన కొంగు చివరను నా మణికట్టునకు ముడివేసి, తలుపు గడియ పెట్టి, గోడ మూలను కూర్చుండెడిది. ఆఱవ తరగతి చదువునాడు ఒక వానసాయంకాలమున కాలువ వంతెనపై నిలిచి నీటి యుధృతిని చూచి ఆలస్యముగా ఇంటికి వచ్చితిని. చింతబరికె విఱుగువఱకు కొట్టినది. కొట్టిన పిదప వంటయింటిలో ముఖము దాచుకొని ఏడ్చినది. పదకొండేండ్ల పిల్లకు అందులో ఏమి అర్థమగును? నేను చెడ్డదాననని అర్థమైనది. నన్ను ఎత్తుకొనకపోవుటకును అదియే కారణమనుకొంటిని. పిల్లలు ఇట్లే లెక్క కట్టుదురు. తల్లి ముఖమున కనబడిన భయమునకు వేఱొక కారణము తెలియనపుడు, ఆ కారణము తామేయని నిశ్చయించుకొందురు.

ఉప్పెనలో నాకొక అన్న పోయెనని మాత్రము వినియుంటిని. ఎట్లు పోయెనో, వాని పేరేమో మా యింట ఎవ్వరును పలుకరు. బంధువులు వచ్చినపుడు నన్ను చూపి, "పోయినది తలచుకొనకు, దేవుడు మఱల ఇచ్చెను గదా" అని అమ్మతో అనెడివారు. వారు మంచి మనస్సుతోనే అనిరి. కాని ఆ మాటవలన అమ్మకు ఏడ్చుటకు వీలు లేకపోయెను. నేను ఒకరికి బదులుగా వచ్చిన వస్తువునైతిని.

2009లో నాకు కుమార్తె పుట్టినది. పురుడు పుట్టింటనే జరిగినది. కాయపుముద్ద, వేడినీళ్ళు, సాంబ్రాణి పొగ, అన్నియు అమ్మయే చూచినది. బిడ్డను మాత్రము తాకదు. ఒకనాడు నేను స్నానము చేయుచుండగా బిడ్డ గుక్కపట్టి యేడ్చినది. తడితలతో పరుగెత్తుకొని వచ్చి చూచితిని గదా, అమ్మ ఉయ్యాల ప్రక్కనే చేతులు కట్టుకొని నిలుచుండెను. కోపము పట్టలేక "నీకు చేతులు లేవా అమ్మా?" అంటిని. అంతకంటె క్రూరమైన మాట నేను జీవితములో ఆడియుండలేదు. ఆమె నెమ్మదిగా "ఉన్నవి. విడిచినవి ఆ చేతులే" అనినది.

ఆ రాత్రి కోడి కూయువఱకు చెప్పినది. నీరు నడుమునకు వచ్చుట, మెడకు వచ్చుట, ఏదో దూలము వచ్చి మోచేతికి తగులుట. నేను ఊరడింపలేదు; నాకు మాట రాలేదు గనుక ఊరకుంటిని. అదియే మేలైనది. వారము దినముల పిదప అమ్మ నేలపై కూర్చుండి, వీపు గోడకు ఆనించి, "బిడ్డను నా ఒడిలో పెట్టుము" అనినది. జాఱి పడుటకు చోటు లేకుండ కూర్చుండెనన్నమాట. పూర్తిగా మానెనని నేను చెప్పను. నేటికిని నిలువబడి పసిబిడ్డను ఎత్తుకొనదు. కాని ఆ ఒడిలో నా కుమార్తె పెరిగినది.

తరువాత చదువగా తెలిసినదేమనగా, ఇది మా యింటి వింత కాదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున సెల్మా ఫ్రైబర్గ్ అను విదుషి తన సహచరులతో కలిసి 1975లో ఒక వ్యాసము ప్రకటించినది. అందులో బిడ్డ గొంతు చించుకొని యేడ్చుచున్నను విననట్లు కూర్చుండిన యొక యువతి కథ గలదు. వారు ఆమెకు పెంపకపు పాఠములు చెప్పుటకు మాఱుగా, ఆమె బాల్యపు టేడ్పును ముందుగా వినిరి. తన యేడ్పు వినబడిన పిదప ఆమె బిడ్డ యేడ్పును వినసాగెను. ఎడ్వర్డ్ ట్రానిక్ అను మఱియొక పండితుడు, తల్లి రెండు మూడు నిమిషములు ముఖమున చలనము లేక యుండినచో శిశువు ఎట్లు కలవరపడునో చూపినాడు. అయితే తల్లులకు ధైర్యము నిచ్చు సంగతి యొకటి ఆయన పరిశోధనలలోనే యున్నది. ఆరోగ్యవంతులైన తల్లీబిడ్డలు సైతము నూటికి సుమారు ముప్పదిపాళ్ళ సమయమున మాత్రమే ఒకరికొకరు సరిగా అందుదురట. తక్కిన కాలమంతయు తప్పిపోవుట, మఱల కలిసికొనుట.

మనకు తెలిసిన హాగరు వృత్తాంతమును ఈ దృష్టితో చదువుడు. అరణ్యములో నీరు అయిపోగా ఆమె బిడ్డను పొద క్రింద విడిచి, వాని చావు చూడలేక వింటివేత దూరమున కూర్చుండెను. కఠినురాలై దూరముగా కూర్చుండలేదు. దూత ఆమెను గద్దింపలేదు. ముందు నీకేమి కలిగెనని విచారించి, పిమ్మటనే బిడ్డను లేవనెత్తుమని చెప్పెను. మనము ఆ మొదటి ప్రశ్నను దాటవేసి రెండవ యాజ్ఞ నిచ్చుచున్నాము. ప్రార్థించి మఱచిపొమ్మని చెప్పు సోదరీమణులకు నా మనవి ఇది: ప్రార్థింపుడు, కాని ముందు ఒక గంట కూర్చుండి వినుడు. వినువారు ఇంట లేనివారికి 2022 అక్టోబరు నుండి ప్రభుత్వము వారి టెలీ మానస్ కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగుననే ఉచితముగా మాటలాడవచ్చును. అది పిచ్చివారికి గదా యని సిగ్గుపడువారు, జ్వరమునకు వైద్యుని యొద్దకు పోవుటకు సిగ్గుపడుదురా?

ఇక ఒక హెచ్చరిక. విప్పి చెప్పుమంటినని తల్లి తన దుఃఖమంతయు బిడ్డ చెవిలో పోయరాదు. మొత్తము కథ పెద్దవారికి; బిడ్డకు దాని వయస్సునకు తగినంత కారణము మాత్రమే. ఇది నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. ఆ సాయంకాలము పదునాలుగేండ్ల నా కుమార్తె స్నేహితురాలి యింట చిక్కుకొని, చీకటిపడిన పిదప తడిసి వచ్చినది. తలుపు తీయగానే చెంపపై కొట్టితిని. 1977 నాటికి నేను పుట్టనైన లేదు. ఆ చేయి ఎవరిదో నాకే తెలియలేదు. రాత్రి భోజనమైన పిదప దాని ప్రక్కన కూర్చుండి, "తప్పు నీది కాదమ్మా. ఆ భయము నాది. అమ్మమ్మ యొద్దనుండి నాకు వచ్చినది" అంటిని.

"అమ్మమ్మకు ఎవరి యొద్దనుండి వచ్చినది?"

"సముద్రము యొద్దనుండి" అని, అన్న సంగతి కొంచెము చెప్పితిని.

మఱునాడు వాన వెలిసినది. పిల్ల అమ్మమ్మ మంచముపై కూర్చుండి, మాలో ఎవ్వరమును అడుగుటకు సాహసింపని ప్రశ్నను తిన్నగా అడిగినది. "అమ్మమ్మా, మా మామయ్య పేరేమిటి?" నేను వంటయింట చేతిలోని గిన్నె క్రింద పెట్టి నిలిచిపోతిని. నలువదియాఱేండ్ల పిదప మా అమ్మ ఆ పేరు పలికినది, రెండుసారులు పలికినది. ఆ పేరు ఇక్కడ వ్రాయను. అది మా యింటిది.