మాస్ ఎఫెక్ట్-2: సైన్సు ఎంత? కల్పన ఎంత?

వైజ్ఞానిక కల్పన రాసేవారికి ఒక్క అబద్ధం ఆడే హక్కు ఇవ్వవచ్చు. కాలంలో వెనక్కు వెళ్లే యంత్రం ఉందనో, మనిషిని కంటికి కనబడకుండా చేసే మందు ఉందనో వారు చెబితే సరేనని వినాలి. కాని ఆ తర్వాత జరిగేదంతా ఆ ఒక్క అబద్ధం నుంచే తర్కబద్ధంగా రావాలి. అడుగడుగునా కొత్త అబద్ధం చెబితే అది సైన్సు కల్పన కాదు, మంత్రాల కథ. వీడియో ఆటలకు కూడా ఈ కొలబద్దే వాడాలని నా అభిప్రాయం. 'మాస్ ఎఫెక్ట్-2' అనే ఆటను దానితో కొలిచి చూద్దాం.

ఈ ఆటను తయారుచేసింది కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ సంస్థ. 1995లో దాన్ని స్థాపించినవారు వైద్యవిద్య చదివినవారు కావడం విశేషం. మొదటి భాగం 2007లోను, ఈ రెండో భాగం 2010 జనవరిలోను వచ్చాయి. ఇందులో మీరు షెపర్డ్ అనే నౌకాధిపతి పాత్ర ధరిస్తారు. ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరిని కాపాడాలో మీరే నిర్ణయిస్తారు. ముందుగా ఒక హెచ్చరిక. అమెరికాలో ఈ ఆటపై '17 ఏళ్లు, ఆపైవారికి' అనే గుర్తు ఉంది. కనుక మీలో చాలామంది దీన్ని ఆడటానికి ఇంకా కొన్నాళ్లు ఆగాలి. అయితే ఇందులోని విషయాలను గురించి ఆలోచించడానికి వయసు అడ్డు కాదు.

ఈ కథలోని ఒక్క అబద్ధం ఏమిటి? 'ఎలిమెంట్ జీరో' అనే పదార్థం గుండా విద్యుత్తును పంపితే చుట్టూ ఉన్న వస్తువుల ద్రవ్యరాశి పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. నిజానికి అలాంటి పదార్థం ఏదీ లేదు. కాని ఉందనుకుంటే కాంతిని మించి పోయే నౌకలు, పెద్ద వేగంతో గుళ్లు విసిరే ఫిరంగులు అన్నీ దాని నుంచే వస్తాయి. ఈ పునాది బాగుంది.

మరి లెక్కలు? ఆటలో ఒకచోట సైనికాధికారి కొత్తగా చేరిన ఇద్దరికి న్యూటన్ మొదటి గమన నియమం నేర్పుతాడు. శూన్యంలో విసిరిన గుండు దేనినో తాకేవరకు ఆగదు, కనుక గురి చూడకుండా పేల్చకూడదన్నదే పాఠం. 20 కిలోల ఇనుప గుండు కాంతి వేగంలో 1.3 శాతం వేగంతో వెళితే 38 కిలోటన్నుల బాంబుతో సమానమని ఆయన అంటాడు. నమ్మకండి, లెక్క కట్టండి. ఆ వేగం సెకనుకు 3,900 కిలోమీటర్లు. గతిశక్తి అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించడమేగా! సుమారు 36 కిలోటన్నులు వస్తుంది. 1945లో హిరోషిమాపై పడిన బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు. అంటే అధికారి చెప్పిన లెక్క దాదాపు సరే. పదో తరగతి విద్యార్థి సరిచూడగలిగిన లెక్కను ఆటలో పెట్టడం మెచ్చుకోదగ్గ విషయం.

ఇక లోపాలకు వద్దాం. మొదటి భాగంలో తుపాకులు వేడెక్కి, కాసేపటికి వాటంతటవే చల్లారేవి. రెండో భాగంలో వేడిని పీల్చుకునే క్లిప్పులను వాడి పారేయాలి. మధ్యలో రెండేళ్లే గడిచాయనీ, ఇది కొత్త పద్ధతి అనీ కథ చెబుతుంది. అలాంటప్పుడు పదేళ్ల క్రితం కూలిన నౌకలోని వారు ఒంటరిగా బతుకుతున్న గ్రహం మీద కూడా ఈ క్లిప్పులు ఎలా దొరికాయి? పోరాటం వేగంగా సాగాలని నియమం మార్చారు గాని, దానికి కథలో సమాధానం వెతకలేదు. ఇది రెండో అబద్ధం.

అంతకంటే నన్ను బాధించింది గ్రహాల పరిశీలన. ఆటలో చాలా గ్రహాలకు వ్యాసార్ధం, ఉపరితల గురుత్వం, వాతావరణ పీడనం, ఉష్ణోగ్రత ఇచ్చారు. ఎంత చక్కటి సమాచారం! కాని ఖనిజాలు వెతకడానికి అది దేనికీ పనికిరాదు. గ్రహం మీద గుర్తును మెల్లగా జరుపుతూ, గీత పైకి లేచినచోట శోధకాన్ని వదలడమే పని. పల్లాడియం, ప్లాటినం, ఇరిడియం కోసం గంటల తరబడి ఇదే. ఇలా చేసి ఉంటే ఎలా ఉండేదో చూడండి. గురుత్వాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే సాంద్రత తెలుస్తుంది. అంగారకుని గురుత్వం భూమితో పోలిస్తే 0.38 వంతు, వ్యాసార్ధం 0.53 వంతు. భాగిస్తే సుమారు 0.71. భూమి సాంద్రత ఘనసెంటీమీటరుకు 5.5 గ్రాములు కనుక అంగారకునిది 3.9 గ్రాములు. సాంద్రత ఎక్కువైతే లోహాలు ఎక్కువ ఉండవచ్చని ఊహించి ఆటగాడు గ్రహాన్ని ఎన్నుకోవచ్చు కదా! పరిశోధన కావలసినదాన్ని కూలిపనిగా మార్చేశారు.

అయినా ఈ ఆటను తీసిపారేయలేం. దానికి కారణం మోర్డిన్ అనే శాస్త్రవేత్త పాత్ర. క్రోగన్లు అనే యుద్ధప్రియ జాతి సంఖ్యను అదుపు చేయడానికి, వెయ్యి గర్భాలలో ఒక్కటే నిలిచేలా ఒక జన్యువ్యాధిని సృష్టించారు. వారు దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టగానే, మోర్డిన్ బృందం వ్యాధిని మళ్లీ బలపరిచింది. ఆయన శిష్యుడు పశ్చాత్తాపంతో, మందు కనిపెట్టాలని బతికున్న ప్రాణుల మీద క్రూరమైన ప్రయోగాలు చేస్తాడు. ఆ ఫలితాలను దాచాలా, చెరిపేయాలా? నిర్ణయం మీది. 2012లో వచ్చిన మూడో భాగంలో దాని పర్యవసానం కనబడుతుంది. ఇది కేవలం కల్పన కాదు. నాజీ వైద్యులు ఖైదీలపై చేసిన ప్రయోగాల ఫలితాలను వాడవచ్చా అని శాస్త్రవేత్తలు నిజంగానే వాదించుకున్నారు. ఆ వైద్యుల విచారణ నుంచే 1947లో నూరెంబర్గ్ నియమావళి పుట్టింది. వ్యక్తి సమ్మతి లేనిదే అతనిపై ప్రయోగం చేయరాదన్నది దాని మొదటి సూత్రం.

ఇంత గొప్ప ప్రశ్న వేసిన ఆట మరో పొరపాటు చేసింది. మీ మాటలకు, చేతలకు నీలం, ఎరుపు మార్కులు వేస్తుంది. ఒకే రంగు మార్కులు బాగా కూడబెడితేనే కొన్ని సమాధానాలు చెప్పనిస్తుంది. దాంతో ఆటగాడు 'ఏది న్యాయం?' అని ఆలోచించడం మాని 'ఏ రంగు?' అని చూస్తాడు. పరీక్షలో మార్కుల కోసమే చదివినట్లు!

నా తీర్పు ఇది. మనుషుల గురించి, శాస్త్రవేత్త బాధ్యత గురించి ఈ ఆట లోతుగా ఆలోచించింది. ప్రకృతిని ప్రశ్నించే ఆనందాన్ని మాత్రం ఆటగాడికి ఇవ్వలేకపోయింది. మొదటిది అరుదైన గుణం కనుక దాన్ని మంచి ఆటల్లోనే లెక్కిస్తాను. రెండోది సరిదిద్దగల లోపం. మీలో ఎవరైనా రేపు ఇలాంటి ఆట తయారుచేస్తే, గ్రహాల పట్టికను అలంకారంగా వదిలేయకండి. దాన్ని చదివినవారే గెలిచేలా నియమం పెట్టండి.