ఫోను ఎవరి చేతిలో ఉంది?

బడి, టెక్నాలజీ, స్ఫూర్తి. ఈ మూడు మాటలూ కలిపి పలకని ఉపాధ్యాయ శిక్షణా తరగతి ఈ మధ్య కనబడడం లేదు. జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా తంతు ఒకటే. ప్రొజెక్టరు వెలుగుతుంది. పట్నం నుంచి వచ్చిన వక్త, చాలాసార్లు మగవాడే, టీచర్లకు పనికొచ్చే యాప్‌ల జాబితా చూపిస్తాడు. దీంతో పాఠం బొమ్మల్లో చెప్పొచ్చు, దీంతో క్విజ్ పెట్టొచ్చు, దీంతో పేపర్లు దిద్దొచ్చు అంటాడు. చివర్లో పల్లెటూరి బడిని ఒంటిచేత్తో మార్చేసిన ఒక టీచరు కథ చెప్తాడు. చప్పట్లు కొడతారు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ మనసులో తిరిగే ప్రశ్నలకు మాత్రం ఆ జాబితాలో చోటుండదు. ఆ యాప్ వేసుకునే ఫోను ఎవరిది? నెట్ డబ్బులు ఎవరు కడతారు? సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ ఫోను ఆడపిల్ల చేతికి వస్తుందా?

నాకు యంత్రం మీద కోపం లేదు. యంత్రాన్ని ఎవరు ఎంచుకున్నారు, ఎవరి కోసం ఎంచుకున్నారు, అది ఎవరిని చూస్తోంది, ఎవరి మాట వింటోంది అన్న ప్రశ్నల్ని పక్కకు నెట్టి ‘స్ఫూర్తి పొందండి’ అని చెప్పే పద్ధతి మీదే నా అభ్యంతరం. ఈ ప్రశ్నలు స్త్రీవాదులు వేయాల్సినవి. మనం సాహిత్యంలో పితృస్వామ్యాన్ని పుంఖానుపుంఖాలుగా విశ్లేషించుకున్నాం గానీ బడిలోకి వచ్చిన కంప్యూటరును సైన్సు టీచర్లకీ అధికారులకీ వదిలేశాం.

బడికి యంత్రం రావడం కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఒక ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు వచ్చాయి. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. గడువు తీరగానే ఉపగ్రహాన్ని దాని సొంతదారు వెనక్కి జరుపుకున్నాడు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 5,000 హైస్కూళ్ళకు కంప్యూటర్లు వచ్చాయి. ప్రైవేటు ఏజెన్సీలతో ఐదేళ్ళ ఒప్పందం. 2013లో ఒప్పందం ముగిసింది, బోధకులు ఇళ్ళకు పోయారు. 2017లో కేంద్రం దీక్ష వేదిక తెచ్చింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అచ్చయ్యాయి. 2020లో టీశాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలు. 2023లో పిల్లల హాజరుకు ముఖాన్ని గుర్తించే యాప్. 2025లో చిన్న తరగతుల చదువుకీ లెక్కలకీ కృత్రిమ మేధ. యాభై ఏళ్ళ ఈ వరసలో ఒక్క విషయం మారలేదు. ఏ యంత్రం కావాలో తరగతి గదిలో నిలబడే మనిషిని ఎవరూ అడగలేదు. తెచ్చినప్పుడు ఉత్సవం చేశారు, చెడిపోయినప్పుడు బాగుచేసే మనిషిని పెట్టలేదు.

కరోనా రోజుల్ని మనం అప్పుడే మర్చిపోతున్నాం. 2020 మార్చిలో బడులు మూశారు. సెప్టెంబరు 1 నుంచి టీవీలో, ఫోనులో పాఠాలు మొదలయ్యాయి. ప్రభుత్వ బడి పిల్లలకు టీవీని ఎంచుకోవడంలో కొంత వివేకం ఉంది, నిజమే. ఫోనుకంటే టీవీ ఎక్కువ ఇళ్ళలో ఉంటుంది. కానీ టీవీ ఉన్న గదిలో ఆడపిల్ల కూర్చోగలిగిందా అన్నది వేరే ప్రశ్న. అమ్మ నాట్లకో పత్తి ఏరడానికో పోతే అన్నం వండేది, తమ్ముణ్ణి చూసేది, బర్రెను కట్టేసేది ఎవరు? పాఠం పదకొండింటికి వస్తుంది, నల్లా కూడా పదకొండింటికే వస్తే ఆ పిల్ల ఎటు పోవాలి? బడి గంట కొడితే ఆ పిల్లను ఇంటిపని నుంచి బయటకు పిలిచే హక్కు బడికి ఉండేది. ఆ హక్కు టీవీకి లేదు. మనం ఇన్నాళ్ళూ బడిని పాఠాలు చెప్పే చోటుగానే చూశాం. ఆడపిల్లకు అది ఇల్లు కాని ఒకే ఒక్క చోటు అన్న సంగతి తలుపులు మూశాకే అర్థమయింది.

ఇక ఫోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. రాష్ట్ర రాజధాని ఐటీకి పేరు మోసింది, కానీ రాష్ట్రంలో మగవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు కూడా నెట్ ముట్టుకోలేదన్నమాట. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఇంట్లో ఒక్క స్మార్ట్‌ఫోను ఉంటే అది కొడుకుది. కొడుకు చేతిలో అది చదువు, బిడ్డ చేతిలో అది పరువు. ‘ఫోను పట్టిందంటే పిల్ల చెయ్యి దాటిపోతది’ అనే భయం తాళంచెవి లాగా తల్లి నడుముకే కట్టి ఉంటుంది. ఆ తల్లిని తిట్టి లాభం లేదు. పిల్ల పేరు బయటపడితే ఊరంతా వేలెత్తి చూపించేది ఆమెనే.

ఈ భయం చదువుకున్న సంస్థల్లోనూ ఉంది. కేరళలో కోజికోడ్ జిల్లా చేళన్నూరులో బీఏ ఇంగ్లీషు చదివే ఒక అమ్మాయి, కాలేజీ హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను వాడకూడదన్న నిబంధనకు ఒప్పుకోనందుకు హాస్టల్ పోగొట్టుకుంది. ఆమె హైకోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబరులో జస్టిస్ పి.వి. ఆశ ఇచ్చిన తీర్పు ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని చెప్పింది. ఒక సాహిత్య విద్యార్థిని తెచ్చిపెట్టిన హక్కు ఇది. మన మూడు జిల్లాల బాలికల హాస్టళ్ళలో ఈ తీర్పు గురించి ఒక్క పాఠం చెప్పినా, ఏ యాప్‌కంటే గొప్ప స్ఫూర్తి అవుతుంది.

ఇప్పుడు టీచరు సంగతి. బడిలోకి వచ్చే యంత్రాల్ని నేను రెండు రకాలుగా చూస్తాను. ఒకటి టీచరు చేతిలో ఉండేది. రెండోది టీచరు మీద ఉండేది. ప్రొజెక్టరు, ఆడియో పుస్తకం, చూపులేని పిల్లకు పుస్తకం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మొదటి రకం. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్కల యాప్, ప్రతి కార్యక్రమానికీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమనే ఆదేశం రెండో రకం. శిక్షణల్లో పొగిడేది మొదటి రకాన్ని. రోజూ బడిలో సమయం తినేది రెండో రకం. 2025 ఆగస్టు నుంచి టీచర్ల హాజరు కూడా ముఖం చూపించి వేసుకోవాల్సిందే. మా పరిశోధన పనిమీద ఒక బాలికల ఆశ్రమ పాఠశాలకు వెళ్ళినప్పుడు ఒక టీచరు నవ్వుతూ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “మేడం, పిల్లల మొఖం చూసి వాళ్ళకు ఏమైందో తెలుసుకునుడు మా పని ఉండె. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తున్నది. కానీ అది ఉన్నరా లేరా అంతే చెప్తది, ఏడ్చిన్రా అన్నది చెప్పది.”

టీచర్లు బడికి రావడం లేదు, అందుకే ఇవన్నీ అని జవాబు వస్తుంది. రాని వాళ్ళు ఉన్నారు, కాదనను. అయితే 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్ని చూడండి. పగలు పాఠం, రాత్రి పిల్లల కాపలా, జ్వరమొస్తే ఆస్పత్రి, అన్నీ అక్కడి ఆడవాళ్ళే చేస్తారు. చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులే. వీళ్ళతో సహా సమగ్ర శిక్ష ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోసం 2024 డిసెంబరులో సమ్మె చేశారు. వచ్చారా లేదా అని నిమిషాల్లో తేల్చే యంత్రం కొనగలిగిన ప్రభుత్వాలకు, వచ్చినందుకు సరిపడా జీతం ఎంతో ఏళ్ళు గడిచినా తేలలేదు. ఆడవాళ్ళ శ్రమ మీద అపనమ్మకం చూపించడానికి డబ్బుంటుంది, దానికి విలువ కట్టడానికి ఉండదు. ఇది ఇంటి లెక్కే. బడిలో డిజిటల్ అయింది, అంతే.

పిల్లల ముఖాల మాట కూడా అడగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం వాడడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది, మినహాయింపులకూ తలుపు తెరిచి పెడుతుంది. తండాలో ఉన్న తల్లికి తన బిడ్డ ముఖం ఎక్కడ దాచారో, ఎన్నాళ్ళు దాస్తారో ఎవరైనా చెప్పారా? ఫోను పడితే పరువు పోతుందని పిల్లను కట్టడి చేసే సమాజమే, అదే పిల్ల ఫొటోలు రోజూ గ్రూపుల్లో తిరుగుతుంటే నోరు మెదపదు.

భాష సంగతి మరీ సూక్ష్మమైనది. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా ఆదివాసులు, లంబాడాలు. తండా పిల్ల ఇంట్లో మాట్లాడేది గోర్ బోలీ. భూపాలపల్లి అడవి అంచు గూడేల్లో కోయ మాట వినబడుతుంది. మిగతా పిల్లలది ఓరుగల్లు తెలుగు. చదివి వినిపిస్తే తప్పొప్పులు చెప్పే యంత్రం వీళ్ళ ముందుకు వస్తే, అది ఎవరి ఉచ్చారణను ఒప్పు అంటుంది? ‘పోతున్న’ అన్న పిల్లను ‘వెళ్తున్నాను’ అనమని ఎర్రగీత గీస్తే, ఇన్నాళ్ళూ పాఠ్యపుస్తకమూ సినిమా చేసిన పనినే అది ఇంకా ఓపిగ్గా, అలసట లేకుండా చేస్తుంది. జానుతెనుగును గౌరవించిన పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి జనగామ జిల్లాలోనే ఉంది. దేశిభాషకు అంత గౌరవం దొరికిన చోట, యంత్రానికి ఏ తెలుగు నేర్పారని అడగడం మన బాధ్యత కాదా?

‘అయితే ఇవేవీ వద్దంటారా, నల్లబల్ల చాలంటారా?’ అని కొందరు మిత్రులు అడుగుతారు. మనలోనే కొందరు అదే సమాధానం ఇస్తారు కూడా. నేను ఒప్పుకోను. 1,100 మెగావాట్ల కరెంటు పుట్టే చెల్పూరు ఉన్న భూపాలపల్లి జిల్లాలో, గూడెం పిల్లకు కంప్యూటరు అక్కరలేదనడం ఇంకో రకం అన్యాయం. పట్నం పిల్లలు మునిగితేలే ప్రపంచాన్ని పల్లె ఆడపిల్లకు కాపాడే పేరుతో దూరం పెట్టడం పాత పితృస్వామ్యమే. యునెస్కో 2023 విద్యా నివేదిక కూడా సాధనం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పలేదు, అది ఎవరి షరతుల మీద నడుస్తోంది అని అడిగింది.

మన షరతుల మీద యంత్రం నడిచిన ఉదాహరణ మన చరిత్రలోనే ఉంది. స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేప్ రికార్డరు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ మాటల్ని వాళ్ళ భాషలోనే దాచారు. అదే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అయింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ మాటలు కూడా అందులో ఉన్నాయి. ఆమె 1985లో చనిపోయింది. ఆ టేపు తిరగకపోతే ఆమె గొంతు మనకు దక్కేది కాదు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. పేరు పెట్టడం సులువు. ఆ టేప్ రికార్డరును ఈనాటి ఐలమ్మల మనవరాళ్ళ చేతికి ఇవ్వడం కష్టం. ఫోనులో అదే రికార్డరు ఉంది కదా! నాయనమ్మ పాడే నాట్ల పాట, అమ్మమ్మ చెప్పే గోర్ బోలీ కథ, బీడీలు చుట్టే అత్త బతుకు లెక్క, ఇవన్నీ తొమ్మిదో తరగతి పిల్ల రికార్డు చేసి, తన అక్షరాల్లో రాసి తరగతిలో చదివితే అది తెలుగు పాఠం, సాంఘిక శాస్త్రం, కంప్యూటర్ విద్య మూడూ అవుతాయి. అప్పుడు ఆ పిల్ల యంత్రం ముందు పరీక్షకు నిలబడదు, యంత్రాన్ని పని చేయించుకుంటుంది.

కాబట్టి మనం అడగాల్సినవి అడుగుదాం. సాధనాల్ని ఎంచుకునే కమిటీల్లో ఊరి బడుల మహిళా టీచర్లు ఉండాలి. ఫోనులూ కంప్యూటర్లూ ఇంటికి వదిలేయకుండా బడిలోనే, బడి వేళ అయ్యాక కూడా, ఆడపిల్లలకు అందుబాటులో ఉండాలి. ముఖాలు పట్టే యాప్‌లు ఆపాలి. కస్తూర్బా టీచర్లకు శిక్షణ కన్నా ముందు జీతం ఇవ్వాలి. రచయిత్రులం, అధ్యాపకులం మన కథల్నీ పాఠాల్నీ పిల్లలు ఉచితంగా వినేలా, చదివేలా మన గొంతులతో చదివి ఇవ్వాలి, మన యాసల్లోనే.

స్ఫూర్తి కావాలని టీచర్లు ఎవరినీ అడగలేదు. అడిగింది జీతం, సమయం, నమ్మకం. ఆ మూడూ ఇచ్చాక యాప్‌ల జాబితా వాళ్ళే రాసుకుంటారు.