బీరువాలో కార్డు - బంకు దగ్గర వాడకం



పోపుల డబ్బాలో నాలుగు రూపాయలు దాచడం మన అమ్మలు నేర్పిన విద్య. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు తప్ప, ఆ డబ్బు మనల్ని ఎన్నడూ మోసం చేయలేదు. కానీ దాచిపెడితేనే పనికిరాకుండా పోయే వస్తువు ఒకటి మన ఇళ్ళల్లో ఉంది. అదే జన్‌ధన్ ఖాతాతో పాటు ఇచ్చిన రూపే కార్డు.

మా జనగామలో, మా వీధి చివరింటి ఆయన మేస్త్రీ పనికి బండి మీద పోతూ హైదరాబాద్ రోడ్డు మీద ప్రమాదంలో చనిపోయాడు. దినాలయ్యాక ఆయన భార్యకు తోడుగా నేనూ బ్యాంకుకు వెళ్ళాను. కొంగు ముడి విప్పి ఆయన కార్డు బయటికి తీసింది. దాన్ని అంటించి ఇచ్చిన కాగితం నుంచి ఊడదీయనైనా లేదు. పిన్ నంబరు కవరు చింపలేదు. "వాడితే పైసలు పోతయేమోనని నేనే పెట్టెల దాచిన వదినా" అన్నది. ఆ కార్డు మీద లక్ష రూపాయల ప్రమాద బీమా ఉంది. అయితే ప్రమాదానికి ముందు తొంభై రోజుల్లో కార్డు ఒక్కసారన్నా వాడి ఉండాలట. వాడలేదు కనుక పైసా రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి నాకు అన్నం సహించలేదు. మరునాడే మా ఇంట్లో కార్డులన్నీ బీరువాలోంచి తీయించాను.

ఈ ఖాతాలు 2014 ఆగస్టు 28న మొదలయ్యాయి. కనీస నిల్వ ఉంచాల్సిన పని లేదు, సున్నా ఉన్నా జరిమానా లేదు. 2018 ఆగస్టు 28కి ముందు తెరిచిన ఖాతా కార్డుకు లక్ష, ఆ తర్వాత తెరిచినదానికి రెండు లక్షల ప్రమాద బీమా. మనం విడిగా కట్టేదేమీ లేదు. ముఖ్యమైన షరతు ఆ తొంభై రోజులదే. ఏటీఎంలో నిల్వ చూసుకున్నా సరే, బ్యాంకు మిత్ర దగ్గర వాడినా సరే, బంకులో వంద రూపాయల పెట్రోలుకు వాడినా సరే. ఎవరి కార్డు వాళ్ళే వాడాలి. ఫోనుతో స్కాన్ చేసి కట్టాను కదా అని ఊరుకోకండి, అది కార్డు వాడినట్టు కాదు.

బంకే ఎందుకంటారా? జనగామలో హైదరాబాద్-వరంగల్ రోడ్డు, మహబూబాబాద్‌లో మిర్చి బండ్లు, భూపాలపల్లిలో బొగ్గు లారీలు. మన మూడు జిల్లాల్లోనూ బండి తీయకుండా ఏ ఇల్లూ గడవదు. ఎటూ పోయించుకునే పెట్రోలే కదా, నెలకోసారి కార్డుతో కడితే ఖర్చూ పెరగదు, బీమా కూడా బతికుంటుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను.

ముందు మీ బ్యాంకు ఏటీఎంలో పిన్ పెట్టుకోండి. కార్డు మీద గడువు తేదీ చూడండి. మన వైపు చాలామందికి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో ఖాతాలుండేవి. తెలంగాణలోని ఆ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. పాత పేరున్న కార్డు మీ దగ్గర ఉంటే, పాస్‌బుక్కు తీసుకెళ్ళి అది పనిచేస్తుందో లేదో ఓసారి అడగండి.

బంకులో పోసేముందు మీటరు సున్నా చూడటం మీకు తెలిసిందే. అలాగే కార్డు మిషన్‌లో అంకె కూడా చూడండి, వందకు బదులు వెయ్యి పడిందేమో! "అమ్మా, పిన్ చెప్పండి, నేను కొడతా" అంటాడు కుర్రాడు. చెప్పొద్దు. మిషన్ చేతికి తీసుకుని, రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని మీరే నొక్కండి. ఆలస్యమైతే వెనకాల హారన్లు మోగుతాయి, మోగనివ్వండి. ఆనించి కట్టే కార్డయితే అయిదు వేల వరకు పిన్ లేకుండానే పోతుంది కాబట్టి, కార్డు పోతే వెంటనే బ్యాంకుకు చెప్పి ఆపించాలి. "కార్డయితే రెండు రూపాయలు ఎక్కువ" అంటే ఒప్పుకోకండి. రూపే డెబిట్ కార్డు చెల్లింపుకు 2020 జనవరి 1 నుంచి దుకాణదారు బ్యాంకుకు కట్టే రుసుము లేదు.

ఒక్కోసారి మన ఖాతాలో డబ్బు కోసినట్టు మెసేజ్ వస్తుంది, బంకు వాళ్ళేమో రాలేదంటారు. గాబరా పడొద్దు. మిషన్ ఇచ్చిన చీటీ అడిగి తీసుకోండి, నగదిచ్చి వస్తే ఆ రసీదూ ఉంచుకోండి. రిజర్వు బ్యాంకు 2019 నియమం ప్రకారం ఆ డబ్బు అయిదు రోజుల్లో దానంతటదే తిరిగి రావాలి. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకే మనకివ్వాలి. మీకు తెలియకుండా డబ్బు పోతే మాత్రం మూడు పనిదినాల్లోపే బ్యాంకుకు చెప్పండి. మీ తప్పు లేకుండా బయటివాళ్ళు చేసిన మోసమైతే మీకు నష్టం ఉండదు. మోసం ఫిర్యాదుకు 1930 నంబరు కూడా ఉంది.

అమెరికాలో ఉన్న మన ఆడపిల్లల్ని అడగండి, అక్కడ చాలా చోట్ల పోసే కుర్రాడుండడు. పంపులోనే కార్డు పెట్టి ఎవరికి వాళ్ళే పోసుకోవాలి. ఎంత పోస్తారో మిషన్‌కు ముందుగా తెలియదు కనుక పెద్ద మొత్తం పట్టి ఉంచుతుంది, లెక్క తేలాక మిగతాది వదులుతుంది. ఖాతాలో కొంచెమే ఉన్నవాళ్ళకు అది ఇబ్బందే. మనకా తంటా లేదు. వంద కొడితే వందే పోతుంది. అందుకే చిన్న ఖాతా అని చిన్నబుచ్చుకోకండి.

ఈ వారం వంటింటి చిట్కా ఒకటే. క్యాలెండరులో పాల లెక్క రాసే చోటే, నెలకోసారి "కార్డు వాడాను" అని రాసుకోండి. మీదీ, మీవారిదీ, పెద్దపిల్లలదీ విడివిడిగా. ఆ వదినకు ఈ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ మనసులో ఉంది. మీరు మీ పక్కింటావిడకు చెప్పండి.

వచ్చే వారం మరో ముచ్చటతో కలుద్దాం.