ఒకరు చుట్టం... ఒకరు సొంతం

చలికాలంలో పిల్లల్ని ఎప్పుడైనా ఆటపాక తీసుకెళ్లారా? కైకలూరు పక్కనే. పడవ కాస్త ముందుకెళ్లేసరికి 'అమ్మో, ఎంత ముక్కో!' అంటారు వాళ్లు. అదే గూడబాతు. పెలికాన్ అంటే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది.

అయితే గూడబాతులన్నీ ఒకటి కావండోయ్. మన దేశంలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి.

కొల్లేటిలో కాపురం పెట్టేది బూడిదరంగు గూడబాతు. నాలుగు నుంచి ఆరు కిలోలు తూగుతుంది. పైముక్కు పొడవునా సిరా చిలకరించినట్టు చుక్కలుంటాయి. అవే దాని ఆనవాలు. రెండోది తెల్ల గూడబాతు. పది కిలోలు దాటేవీ ఉంటాయి. ముక్కు కింద సంచి పసుపుపచ్చ. ఎగిరినప్పుడు రెక్కల వెనక భాగం నల్లగా కనిపిస్తుంది. ఇది ఎక్కువగా చలికాలపు చుట్టం.

వేటలోనూ తేడా ఉంది. తెల్లవి దండుగా అర్ధచంద్రాకారంలో చేరి, చేపల్ని లోతు తక్కువ నీళ్లలోకి తోలి, అన్నీ ఒకేసారి ముక్కులు ముంచుతాయి. మనవి ఎక్కువగా ఒంటరిగానో, చిన్న గుంపుగానో వేటాడతాయి.

అసలు తేడా గూటి దగ్గరే. తెల్లది నేల మీద గుడ్లు పెడుతుంది. మన దేశంలో కచ్ రణ్‌లో అలాంటి గూళ్లు కనిపించాయి. బూడిదరంగు దానికి మాత్రం చెట్టు కావాలి. మనుషులు తిరిగే ఊరైనా ఫర్వాలేదు, చెట్టుంటే చాలు.

కేరళకు చెందిన పక్షి ప్రేమికుడు కె.కె.నీలకంఠన్ 1946లో కొల్లేటి ప్రాంతంలో ఈ పక్షుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నారు. అప్పట్లో అక్కడ దాదాపు 3,000 గూడబాతులు గూళ్లు కట్టేవి. 1975 ప్రాంతానికి అది ఖాళీ అయిపోయింది! తర్వాత కొల్లేటిలో చేపల చెరువులు పెరిగాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువు గట్లు కొట్టేశారు. చెట్లు చాలని ఆటపాకలో అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు వాటి మీదే సర్దుకున్నాయి.

తెల్ల గూడబాతుకు ఆఫ్రికా నుంచి ఆసియా దాకా బోలెడు చోట్లున్నాయి. మనదానికి భారత్, శ్రీలంక, కాంబోడియా లాంటి కొద్ది దేశాలే దిక్కు. ముప్పుకు చేరువైన పక్షుల జాబితాలో ఉన్నదీ ఇదే.

ఈసారి వెళ్లినప్పుడు పిల్లలకు ముందు ముక్కు మీది చుక్కలు చూపించండి. ఆ తర్వాత, అది కూర్చున్నది చెట్టు మీదో, ఇనుము మీదో చూడమనండి!